నెమ్మదించిన ల్యాప్‌టాప్, మళ్లీ విండోస్ 10: తరచుగా అడిగే ప్రశ్నలు

విండోస్ 11కి మారాక ల్యాప్‌టాప్ స్లో అయిందని, విండోస్ 10 మళ్లీ వేసుకోవచ్చా అని అడిగేవాళ్లు తగ్గడం లేదు. సందేహాలు దాదాపు అవే కాబట్టి అన్నిటినీ ఒకచోట పెట్టాను. మీకు ఏ ప్రశ్న కావాలంటే దాని దగ్గరికే నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. నా అభిప్రాయం మాత్రం ముందే చెప్పేస్తాను: వెనక్కి వెళ్లాక వేగం వచ్చిందని సంతోషపడేవాళ్లలో చాలామందికి ఆ వేగం ఇచ్చింది పాత విండోస్ కాదు, డిస్క్ ఖాళీ చేసి కొత్తగా ఇన్‌స్టాల్ చేయడం.

## ఎక్కడ ఆగుతోందో కనిపెట్టడం

ల్యాప్‌టాప్ బాగా స్లోగా ఉంది. మొదట ఏం చూడాలి?

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. ప్రాసెసెస్ పేజీ పైభాగంలో సీపీయూ, మెమరీ, డిస్క్ ఎంతెంత శాతం వాడుతున్నాయో ఉంటుంది. ల్యాప్‌టాప్ మొరాయిస్తున్నప్పుడే చూడాలి, తేరుకున్నాక చూస్తే ఏమీ దొరకదు. డిస్క్ 100 దగ్గర అతుక్కుపోయి, సీపీయూ 10, 20 మధ్య ఉంటే హార్డ్ డిస్క్ పనిని అందుకోలేకపోతోంది. మెమరీ 85 దాటి ఉంటే ర్యామ్ చాలడం లేదు. సీపీయూ ఒక్కటే నిండిపోతే ఆ కాలమ్ పేరు మీద నొక్కండి, ఎక్కువ తింటున్న ప్రోగ్రామ్ పైకి వస్తుంది. మూడూ మామూలుగానే ఉండి కూడా స్లోగా ఉంటే వేడి, ఛార్జర్, పాడవుతున్న డిస్క్, ఈ మూడింటిని అనుమానించాలి. ఒక్క నిమిషం పని ఇది. ఇది చూడకుండానే విండోస్ మార్చేవాళ్లే ఎక్కువ.

డిస్క్ ఎప్పుడు చూసినా 100 శాతం. వైరస్ పట్టిందా?

చాలాసార్లు వైరస్ కాదు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీకి వెళ్లి డిస్క్ 0 కింద ఏం రాసి ఉందో చూడండి. హెచ్‌డీడీ అని ఉంటే లోపల తిరిగే పాత రకం డిస్క్ ఉందన్నమాట. ల్యాప్‌టాప్‌లలో వేసేవి ఎక్కువగా నిమిషానికి 5400 సార్లు తిరిగేవి. పెద్ద సినిమా ఫైల్ ఒకటి కాపీ చేయడానికి అవి పర్వాలేదు. కానీ విండోస్ ఆన్ అయ్యేటప్పుడు వేల చిన్న చిన్న ఫైళ్లు ఒకేసారి అడుగుతుంది. ఒక్కో ఫైల్ కోసం డిస్క్ ముల్లు ఒక్కో చోటికి జరగాలి, అక్కడే సమయమంతా పోతుంది. విండోస్ 10, 11 రెండూ ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగవంతమైన డిస్క్) ఉంటుందనుకుని వెనకాల ఎన్నో పనులు నడుపుతుంటాయి. అందుకే హెచ్‌డీడీ మీద 11 తీసి 10 వేసినా కొన్నాళ్లకు అదే 100 మళ్లీ కనిపిస్తుంది.

ర్యామ్ 4 జీబీనే ఉంది. విండోస్ 11కి 4 చాలని మైక్రోసాఫ్టే చెబుతోంది కదా?

అది ఇన్‌స్టాల్ కావడానికి కావలసిన కనీసం, హాయిగా పని చేయడానికి కాదు. విండోస్ లేచి కూర్చునేసరికే సగానికి పైగా నిండిపోతుంది. ఆ మీద క్రోమ్‌లో నాలుగైదు ట్యాబ్‌లు తెరిస్తే మిగతాదీ అయిపోయి, విండోస్ డిస్క్‌నే ర్యామ్ బదులు వాడడం మొదలుపెడుతుంది. 8 జీబీ ఉంటే ఆఫీసు పని, ఆన్‌లైన్ క్లాసులు ఇబ్బంది లేకుండా నడుస్తాయి. పెర్ఫార్మెన్స్ పేజీలో మెమరీ మీద నొక్కితే ఎన్ని స్లాట్లు వాడుతున్నారో కనిపిస్తుంది. రెండింట్లో ఒకటే వాడుతుంటే ఇంకోటి వేయించుకోవచ్చు. పలచటి మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, కాబట్టి కొనే ముందు మోడల్ నంబర్‌తో వెతికి చూసుకోండి.

విండోస్ 11 వచ్చిన రోజు నుంచే స్లో. ఇంకేం చూడాలి, అదే కారణం కదా?

కావచ్చు. కానీ రెండు మూడు రోజులు ఆగి చూడండి. పెద్ద అప్‌గ్రేడ్ అయ్యాక సెర్చ్ కోసం ఫైళ్లన్నీ మళ్లీ లెక్క వేయడం, యాప్‌లు అప్‌డేట్ కావడం, వైరస్ స్కాన్ అన్నీ ఒకేసారి నడుస్తాయి. ఛార్జర్ పెట్టి ఒక రాత్రంతా ఆన్‌లో ఉంచితే చాలావరకు పూర్తవుతాయి. ఆ తర్వాత డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద చూడండి. మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్ (తెరని నడిపే సాఫ్ట్‌వేర్) ఊడిపోయింది. విండో జరిపితే కుదుపులు, వీడియో ఆగి ఆగి రావడం దానివల్లే. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి డ్రైవర్ వేసుకుంటే అక్కడితో సమస్య తీరిపోతుంది.

ఎండాకాలంలోనే ఎక్కువ స్లో అవుతోంది. నిజమా, నా భ్రమా?

నిజమే. ప్రాసెసర్ ఒక హద్దు దాటి వేడెక్కితే తన్ను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మే నెలలో రామగుండంలోనో, విజయవాడలోనో గదిలోని గాలే అంత వేడిగా ఉంటే చిన్న ఫ్యాన్ ఏం చల్లబరుస్తుంది? టాస్క్ మేనేజర్‌లో సీపీయూ పేజీలో ఇప్పటి వేగం, బేస్ స్పీడ్ రెండూ కనిపిస్తాయి. పని ఎక్కువగా ఉన్నప్పుడు ఇప్పటి వేగం బేస్ స్పీడ్ కంటే బాగా పడిపోతుంటే వేడి సమస్యే. పరుపు మీద, దిండు మీద పెట్టి వాడితే కింద ఉండే గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. కొని మూడు నాలుగేళ్లయితే లోపలి దుమ్ము తీయించి, ప్రాసెసర్ మీద థర్మల్ పేస్ట్ మార్పించండి. వాక్యూమ్ క్లీనర్ మాత్రం పెట్టకండి.

ఛార్జర్ మార్చాక స్లో అయింది. ఛార్జర్‌కీ వేగానికీ సంబంధం ఉంటుందా?

ఉంటుంది. కొన్ని మోడళ్లు ఛార్జర్‌ని గుర్తుపట్టలేకపోయినా, దాని వాట్లు తక్కువైనా, ప్రాసెసర్ వేగాన్ని కిందికి లాగేస్తాయి. ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి. వేగం పెరిగితే ఛార్జరే దోషి. టచ్‌ప్యాడ్ ఉబ్బినట్టు కనిపిస్తే బ్యాటరీ ఉబ్బిందేమో చూపించండి, అది ఆలస్యం చేసే విషయం కాదు.

రోజూ షట్‌డౌన్ చేస్తూనే ఉన్నా. అయినా రీస్టార్ట్ చేయమంటారేం?

రెండూ ఒకటి కావు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ తన లోపలి భాగాన్ని డిస్క్‌లో దాచుకుని, మర్నాడు దాన్నే తిరిగి లేపుతుంది. పాత చిక్కులూ దానితో పాటే లేస్తాయి. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ పేజీలో అప్ టైమ్ చూడండి. రోజూ ఆపుతున్నా అది పదిహేను, ఇరవై రోజులు చూపించవచ్చు. రీస్టార్ట్ నొక్కితేనే సున్నా నుంచి మొదలవుతుంది.

డిస్క్ పాడైపోతోందేమోనని అనుమానం. ఇంట్లోనే తెలుసుకోవచ్చా?

క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. తెరవగానే గుడ్, కాషన్, బ్యాడ్ అని ఒక మాట చెబుతుంది. కాషన్ అని వస్తే ఇంకే రిపేరూ మొదలుపెట్టకుండా ముందు ఫైళ్లు బయటికి తీసుకోండి. టక్ టక్ అని చప్పుడు వస్తుంటే ప్రోగ్రామ్ కూడా అక్కర్లేదు. అలాంటి డిస్క్ మీద కొత్తగా విండోస్ వేయడం దండగ.

## విండోస్ మార్చకుండానే బాగుచేసుకోవడం

ఎస్‌ఎస్‌డీ వేయిస్తే నిజంగా అంత తేడా వస్తుందా?

వస్తుంది. ఈ పేజీలో ఏ ఒక్క సలహా పాటించినా ఇదే పాటించమంటాను. మామూలు సాటా (పాత డిస్క్‌ల తీరులోనే కలిపే) ఎస్‌ఎస్‌డీ సెకనుకు 500 ఎంబీ వరకు చదువుతుంది, ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ 100 దగ్గరే ఆగుతుంది. అసలు లాభం ఆ లెక్కలో కూడా లేదు, చిన్న ఫైళ్లు వెతికే తీరులో ఉంది. తిరిగే భాగం లేదు కాబట్టి వెతుకులాట సమయం దాదాపు ఉండదు. ఐదు నిమిషాలకు గానీ కుదురుకోని ల్యాప్‌టాప్ అర నిమిషంలో పనికి సిద్ధమవుతుంది. 2.5 అంగుళాల సాటా సైజు పాత మోడళ్లకు దాదాపు అన్నిటికీ సరిపోతుంది. ఎం.2 స్లాట్ ఉంటే అది సాటాదా, ఎన్‌వీఎంఈదా చూసుకుని కొనండి, రెండూ చూడటానికి ఒకలాగే ఉంటాయి. ఈఎంఎంసీ అని ఉన్న చౌక మోడళ్లలో స్టోరేజ్ బోర్డుకే అతికించి ఉంటుంది, దాన్ని మార్చలేం.

స్టార్టప్‌లో ఏవి ఆపేయొచ్చు? ఏదైనా పాడవుతుందని టెన్షన్.

టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ యాప్స్ పేజీలో డిజేబుల్ చేస్తే ప్రోగ్రామ్ పోదు, తనంతట తాను మొదలవడం మాత్రమే ఆగుతుంది. మీటింగ్ యాప్‌లు, పాటల యాప్‌లు, గేమ్ లాంచర్లు, ప్రింటర్ కంపెనీ అసిస్టెంట్లు, అప్‌డేటర్లు నిర్భయంగా ఆపండి. సెక్యూరిటీ, ఆడియో, టచ్‌ప్యాడ్‌కి చెందినవి ఉంచండి. వన్‌డ్రైవ్‌లో ఫైళ్లు దాచుకునేవాళ్లు దాన్నీ ఉంచాలి.

రెండు యాంటీవైరస్‌లు ఉంటే రెట్టింపు రక్షణ కదా?

కాదు, రెట్టింపు బరువు. తెరిచిన ప్రతి ఫైల్‌నీ ఇద్దరు కాపలాదారులు తనిఖీ చేస్తారు. కొన్నప్పుడు ట్రయల్‌గా వచ్చి గడువు తీరిన యాంటీవైరస్ ఉంటే తీసేయండి. విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఇంటి వాడకానికి చాలు.

క్లీనర్లు, ర్యామ్ బూస్టర్లు వాడితే?

వద్దు. ర్యామ్ బూస్టర్ పని ఖాళీ అంకె పెద్దగా చూపించడమే. విండోస్ వెంటనే మళ్లీ నింపుకుంటుంది. రిజిస్ట్రీ క్లీనర్ అయితే ఉన్నవాటిని కూడా చెడగొట్టగలదు. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ దగ్గర స్టోరేజ్ సెన్స్ ఆన్ చేసి, సీ డ్రైవ్‌లో ఐదో వంతు ఖాళీ ఉండేలా చూసుకుంటే చాలు.

నెలవారీ అప్‌డేట్ వచ్చాకే పాడైంది. ఆ ఒక్కటీ తీసేయొచ్చా?

తీసేయొచ్చు. సెట్టింగ్స్, విండోస్ అప్‌డేట్, అప్‌డేట్ హిస్టరీ, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ వరకు వెళ్లి తేదీ చూసి తీసేయండి. సెక్యూరిటీ అప్‌డేట్లు ప్రతి నెలా రెండో మంగళవారం అమెరికాలో విడుదలవుతాయి, మనకు ఆ రాత్రి నుంచి అందుతాయి. కాబట్టి బుధ, గురువారాల్లో మొదలైన తలనొప్పి అయితే ముందు దీన్నే అనుమానించండి. తీసేశాక అప్‌డేట్లను ఒకట్రెండు వారాలు పాజ్ చేస్తే ఈలోపు దిద్దుబాటు రావచ్చు. శాశ్వతంగా ఆపేయడం మాత్రం మంచిది కాదు.

రీసెట్ దిస్ పీసీ చేస్తే చాలదా?

చాలామందికి చాలు. కీప్ మై ఫైల్స్ ఎంచుకుంటే మీ ఫైళ్లు ఉంటాయి, వేసుకున్న ప్రోగ్రామ్‌లు పోతాయి, విండోస్ కొత్తగా తయారవుతుంది. విండోస్ 10కి వెళ్తే వచ్చే వేగంలో పెద్ద వాటా ఈ కొత్తదనానిదే కాబట్టి వెనక్కి వెళ్లే ముందు ఒకసారి ప్రయత్నించమంటాను. టాలీ, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ డ్రైవర్లు, పాత ప్రింటర్ సాఫ్ట్‌వేర్ మళ్లీ వేసుకునే ఓపిక ఉండాలి.

## వెనక్కి వెళ్లాలా, వద్దా

అసలు విండోస్ 10 వేగంగా ఉంటుందా, 11 వేగంగా ఉంటుందా?

ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో రెండింటినీ కొత్తగా వేసి చూస్తే రోజువారీ పనిలో తేడా కనిపెట్టడం కష్టం. 4 జీబీ ఉన్నచోట 10 కాస్త తేలిక. 11ని కొత్తగా వేస్తే మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ చాలా ల్యాప్‌టాప్‌లలో మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది. పాత ప్రాసెసర్ల మీద అది కొంత భారం. మరోవైపు ఇంటెల్ 12వ తరం నుంచి పెద్ద కోర్లు, చిన్న కోర్లు కలిపి వచ్చే ప్రాసెసర్లలో పని పంచడం 11కే బాగా తెలుసు. అలాంటి ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు 10కి వెళ్తే లాభం కంటే నష్టమే ఎక్కువ.

విండోస్ 10కి సపోర్ట్ అయిపోయిందన్నారు. ఇప్పుడు వేస్తే ప్రమాదమా?

2015 జూలై 29న వచ్చిన విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ల్యాప్‌టాప్ ఆగిపోదు, కానీ కొత్తగా బయటపడే లోపాలకు దిద్దుబాట్లు రావు. ఇంటి వాడకందారుల కోసం అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకం ఒకటి పెట్టారు, దాని గడువు 2026 అక్టోబర్ 13గా ప్రకటించారు. విండోస్ 10 చివరి వెర్షన్ 22హెచ్2 ఉండి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే విండోస్ అప్‌డేట్ పేజీలో ఎన్‌రోల్ అనే లింక్ వస్తుంది. సెట్టింగ్స్ సింక్ చేయడానికి ఒప్పుకుంటే ఉచితం. లేదంటే 1000 రివార్డ్ పాయింట్లు గానీ, 30 డాలర్లకు సమానమైన మొత్తం గానీ ఇవ్వాలి. డిఫెండర్‌కి వైరస్ గుర్తుల అప్‌డేట్లు 2028 అక్టోబర్ దాకా వస్తాయి. అయితే అవి విండోస్‌లోని రంధ్రాలను పూడ్చవు. బ్యాంకు పనులు, ఇన్‌కమ్ ట్యాక్స్ లాగిన్‌లు చేసే ల్యాప్‌టాప్‌లో అదనపు అప్‌డేట్లు లేకుండా విండోస్ 10 వాడొద్దు.

మరి వెనక్కి వెళ్లడం ఎవరికి సరైన పని?

అప్‌గ్రేడ్ చేసి పది రోజులు కాకముందే ఇబ్బంది తెలిసినవాళ్లకు. ప్రింటర్‌కో, స్కానర్‌కో, వేలిముద్రల డివైస్‌కో 11లో పనిచేసే డ్రైవర్ లేనివాళ్లకు. అర్హత లేని పాత ల్యాప్‌టాప్‌లో తనిఖీలు దాటవేయించి 11 వేయించుకున్నవాళ్లకు. 11కి టీపీఎం 2.0 (తాళాలు దాచే సెక్యూరిటీ చిప్), సెక్యూర్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు నమ్మదగ్గ సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే రక్షణ), ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం నుంచి ప్రాసెసర్ కావాలి. అవి లేకుండా బలవంతంగా వేసిన చోట ఏటా వచ్చే పెద్ద వెర్షన్లు మామూలు దారిలో అందవు. స్టార్ట్ మెనూ మధ్యలో ఉంది, రైట్ క్లిక్ మెనూ నచ్చలేదు అనే కారణాలకైతే వెళ్లనక్కర్లేదు. స్టార్ట్ మెనూని సెట్టింగ్స్‌లో ఎడమకు జరుపుకోవచ్చు.

డీటీపీ పని. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ కోసం విండోస్ 7 వేయించుకోవచ్చా?

మన జిల్లా కేంద్రాల్లోని ప్రింటింగ్ ప్రెస్సుల నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. పెళ్లి పత్రికలు, కరపత్రాల పాత ఫైళ్లన్నీ పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లోనే ఉంటాయి. ఆ సాఫ్ట్‌వేర్ చివరి వెర్షన్ 7, అది 2001లో వచ్చింది. అను అక్షరాలు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఒకటే అయిన అక్షరాల పద్ధతి) కావు కాబట్టి ఫైల్ తీసి వేరే దాంట్లో పెడితే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. అవసరం నిజమే, అందులో వాదన లేదు. కానీ కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ 7 వేయడం దారి కాదు. దాని సపోర్ట్ 2020 జనవరి 14న అయిపోయింది. ఇన్‌స్టాలర్‌లో యూఎస్‌బీ 3 డ్రైవర్లు లేవు, మొదటి తెర దగ్గరే మౌస్ కదలదు. ఇంటెల్ 7వ తరం నుంచి లోపలి గ్రాఫిక్స్‌కి డ్రైవర్లు ఇవ్వలేదు. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110వ వెర్షన్ నుంచి క్రోమ్ కూడా దాన్ని వదిలేసింది.

నా సలహా రెండు రకాలు. పాత డెస్క్‌టాప్ బతికి ఉంటే దాన్ని నెట్‌కి కలపకుండా ఆ పనికే ఉంచండి, ఫైళ్లు పెన్ డ్రైవ్‌లో తెచ్చుకోండి. అది లేకపోతే ఇప్పటి విండోస్‌లోనే వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే ప్రోగ్రామ్) వేసి, దాని లోపల పాత విండోస్ నడుపుకోండి. నెట్ కనెక్షన్ తీసేస్తే భయం ఉండదు, ఆ మొత్తాన్నీ ఒక ఫైల్‌లాగా కాపీ చేసి దాచుకోవచ్చు కూడా. డాంగిల్ (లైసెన్స్ కోసం పెట్టే యూఎస్‌బీ తాళం) ఉన్న సాఫ్ట్‌వేర్ అయితే అది వర్చువల్ మెషిన్‌లో కనబడుతోందో లేదో ముందే చూసుకోండి.

ల్యాప్‌టాప్ కొన్నప్పుడే 11తో వచ్చింది. దానికి 10 వేయొచ్చా?

కంపెనీ వేసిచ్చిన 11 ప్రో అయితే 10 ప్రోకి దిగే హక్కు లైసెన్స్‌లోనే ఉంది. హోమ్ ఎడిషన్‌కి ఆ హక్కు లేదు. హక్కు సంగతి అటుంచితే అసలు ఇబ్బంది డ్రైవర్లు. కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేజీ తెరిచి విండోస్ 10 డ్రైవర్లు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఆ ఆలోచన మానుకోండి. సౌండ్ రాదు, టచ్‌ప్యాడ్ పనిచేయదు, బ్యాటరీ త్వరగా అయిపోతుంది.

## వెళ్లే ముందు

అప్‌గ్రేడ్ చేసి వారమే అయింది. సులువైన దారి ఉందా?

ఉంది. సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో గో బ్యాక్ అనే బటన్ ఉంటుంది. పది రోజుల వరకు పనిచేస్తుంది. మీ ఫైళ్లు ఉంటాయి, అప్‌గ్రేడ్ తర్వాత వేసుకున్న ప్రోగ్రామ్‌లు, మార్చిన సెట్టింగ్‌లు పోతాయి. ఛార్జర్ పెట్టండి, పాత విండోస్‌లో వాడిన పాస్‌వర్డ్ గుర్తుందో లేదో చూసుకోండి. ఫైళ్లు ఉంటాయన్న ధీమాతో బ్యాకప్ మానకండి.

గో బ్యాక్ బటన్ మసకగా ఉంది, నొక్కితే పలకడం లేదు. ఎందుకు?

పది రోజులు దాటి ఉండాలి, లేదా విండోస్.ఓల్డ్ ఫోల్డర్ పోయి ఉండాలి. పాత విండోస్ మొత్తం ఆ ఫోల్డర్‌లోనే దాగి ఉంటుంది. చోటు కోసం డిస్క్ క్లీనప్‌లో ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్ టిక్ పెట్టి తీసేసినవాళ్లకు ఆ దారి మూసుకుపోతుంది. ఇంకో తికమక ఉంది: గో బ్యాక్ తీసుకెళ్లేది సరిగ్గా ముందున్న వెర్షన్‌కే. 11లోనే 23హెచ్2 నుంచి 24హెచ్2కి మారి ఉంటే అది మళ్లీ 23హెచ్2కే తీసుకెళ్తుంది, 10కి కాదు. ఈ దారి లేకపోతే ఇక డిస్క్ తుడిచి కొత్తగా వేయడమే.

కొత్తగా వేస్తే ఏమేం పోతాయి? ఏవి దాచుకోవాలి?

సీ డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుందనుకోండి. ఫొటోలు, డాక్యుమెంట్లు అందరికీ గుర్తుంటాయి. మరిచిపోయేవి వేరే: డెస్క్‌టాప్ మీది ఫైళ్లు, డౌన్‌లోడ్స్, టాలీ డేటా ఫోల్డర్, అవుట్‌లుక్ మెయిల్ ఫైల్, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు, సొంతంగా వేసుకున్న తెలుగు ఫాంట్లు. డెస్క్‌టాప్ ఫోల్డర్ వన్‌డ్రైవ్‌లోకి వెళ్లి ఉండవచ్చు. ఫైల్ పక్కన మేఘం గుర్తు ఉంటే అది మీ డిస్క్‌లో లేదు, నెట్‌లో ఉంది. అలాంటివి డౌన్‌లోడ్ అయ్యేలా చేసి కాపీ చేయండి. డీ డ్రైవ్‌కి కాపీ చేయడం బ్యాకప్ కాదు, అదీ ఇదీ ఒకే డిస్క్. బయటి డిస్క్‌లో పెట్టి, ఇంకో కంప్యూటర్‌లో రెండు మూడు ఫైళ్లు తెరిచి చూడండి.

బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతోంది. నేనెప్పుడూ పాస్‌వర్డ్ పెట్టలేదే!

బిట్‌లాకర్ అంటే డిస్క్‌కి తాళం వేసే విండోస్ రక్షణ. మీరు పెట్టకపోయినా అది ఆన్ అయి ఉంటుంది. 24హెచ్2 నుంచి 11ని కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డివైస్ ఎన్‌క్రిప్షన్ తనంతట తానే ఆన్ అవుతుంది. బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగ్‌లలో) ఏదైనా మారిస్తే 48 అంకెల కీ అడుగుతుంది. ఫోన్‌లో అదే అకౌంట్‌తో మైక్రోసాఫ్ట్ సైట్‌లోకి వెళ్లి డివైసెస్ పేజీలో చూస్తే కీ దొరుకుతుంది. వెనక్కి వెళ్లే పని మొదలుపెట్టకముందే ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసి, పూర్తయ్యే వరకు ఆగండి. ఆఫ్ చేయకుండా సీ మాత్రమే తుడిచేస్తే డీ డ్రైవ్ తాళం వేసి ఉండిపోతుంది. కీ కూడా దొరక్కపోతే అందులోవి పోయినట్టే.

విండోస్ 10కి మళ్లీ కీ కొనాలా?

మీ ల్యాప్‌టాప్ 10తో వచ్చి ఉంటే అక్కర్లేదు. లైసెన్స్ మదర్‌బోర్డుకి ముడిపడి ఉంటుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కీ అడిగితే ఐ డోంట్ హ్యావ్ ఎ ప్రొడక్ట్ కీ ఎంచుకోండి, నెట్ రాగానే తనే యాక్టివేట్ అవుతుంది. ఎడిషన్ మాత్రం కచ్చితంగా అదే కావాలి. మన దేశంలో అమ్మిన చాలా ల్యాప్‌టాప్‌లలో హోమ్ సింగిల్ లాంగ్వేజ్ ఉంటుంది, దాని బదులు ప్రో వేస్తే యాక్టివేట్ కాదు. వందా రెండొందలకు ఆన్‌లైన్‌లో అమ్మే కీల జోలికి వెళ్లకండి.

## ఇన్‌స్టాల్ చేసేటప్పుడు

పెన్ డ్రైవ్ ఎలా తయారు చేయాలి?

కనీసం 8 జీబీ పెన్ డ్రైవ్ కావాలి, అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి. మైక్రోసాఫ్ట్ సొంత సైట్‌లోని విండోస్ 10 పేజీ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించుకుని నడపండి, అడిగినవాటికి జవాబిస్తే మిగతాది అదే చూసుకుంటుంది. ఇంకెక్కడి నుంచో దించిన, ఎవరో తేలిక చేసి ఇచ్చిన విండోస్ వద్దు. అందులో ఏం తీశారో, ఏం కలిపారో మనకు తెలియదు.

పెన్ డ్రైవ్ పెట్టినా మామూలు విండోసే వస్తోంది.

ఆన్ చేసిన వెంటనే బూట్ మెనూ బటన్ టకటకా నొక్కాలి. హెచ్‌పీలో ఎఫ్9, డెల్, లెనోవోలలో ఎఫ్12, ఆసుస్‌లో ఎస్కేప్. ఏసర్‌లో ఎఫ్12యే, కానీ ముందు బయోస్‌లో దాన్ని ఆన్ చేయాల్సి రావచ్చు. ఇంకో దారి, షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి యూజ్ ఎ డివైస్ ఎంచుకోవడం.

ఇన్‌స్టాలర్‌లో డిస్క్ ఏదీ కనిపించడం లేదు. పోయిందా?

పోలేదు. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్ వీఎండీ అనే కంట్రోలర్ వెనకాల ఉంటుంది, విండోస్ 10 ఇన్‌స్టాలర్‌కి దాని డ్రైవర్ ఉండదు. మీ మోడల్ పేజీ నుంచి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించి, విప్పి, పెన్ డ్రైవ్‌లో పెట్టుకుని లోడ్ డ్రైవర్ నొక్కి చూపించండి.

పార్టిషన్లు నాలుగైదు ఉన్నాయి. ఏది డిలీట్ చేయాలి?

ఇక్కడ సీ, డీ అనే అక్షరాలు కనిపించవు, డ్రైవ్ 0 పార్టిషన్ 3 అని ఉంటుంది. సైజుని బట్టే గుర్తుపట్టాలి. అందుకే ముందు రోజే దిస్ పీసీ తెరపై సీ, డీ సైజులు ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. బ్యాకప్ పక్కాగా ఉంటే అన్నీ డిలీట్ చేసి, వచ్చిన ఖాళీ స్థలం ఎంచుకుని నెక్స్ట్ నొక్కడం శుభ్రమైన పద్ధతి. డీ ఉంచుకోవాలంటే దాని సైజు ఉన్నదాన్ని ముట్టుకోకండి. బయటి డిస్క్‌లు ముందే పీకేయండి.

## తర్వాత

విండోస్ 10 వచ్చింది గానీ వైఫై లేదు. నెట్ లేకుండా డ్రైవర్ ఎలా దించను?

ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే మామూలుగా ఏ డ్రైవరూ లేకుండానే నెట్ వచ్చేస్తుంది. తర్వాత విండోస్ అప్‌డేట్ నడిపి, ఆప్షనల్ అప్‌డేట్స్‌లో మిగతా డ్రైవర్లు తీసుకోండి.

మళ్లీ తనంతట తానే 11కి వెళ్లిపోతుందా?

అడుగుతుంది. విండోస్ అప్‌డేట్ పేజీలో స్టే ఆన్ విండోస్ 10 ఫర్ నౌ నొక్కండి. ప్రో ఎడిషన్ ఉంటే గ్రూప్ పాలసీలో టార్గెట్ వెర్షన్‌గా 22హెచ్2 పెట్టేయొచ్చు.

10 వేశాక కూడా స్లోగానే ఉంది. ఇంక మూలన పడేయడమేనా?

హెచ్‌డీడీ ఇంకా అలాగే ఉంటే ముందు అది మార్చండి. అదీ చేశాక, లేదా దాని మీద డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే, లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేసి చూడండి. పెన్ డ్రైవ్ నుంచే నడిపి చూసి, నచ్చితేనే ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. మింట్ 22కి 2029 వరకు అప్‌డేట్లు ఉన్నాయి. బ్రౌజర్, యూట్యూబ్, లిబ్రే ఆఫీస్, ఇన్‌స్క్రిప్ట్‌లో తెలుగు టైపింగ్ అన్నీ నడుస్తాయి. టాలీ, డిజిటల్ సిగ్నేచర్ పనులు, వేలిముద్రల డివైస్‌లు ఉన్నవాళ్లకు మాత్రం ఇది కుదరదు. పిల్లల చదువుకో, ఇంట్లో పెద్దవాళ్లు వార్తలు చూసుకోవడానికో బాగుంటుంది.

ఇవన్నీ నా వల్ల కాదు, షాపులో ఇస్తాను. ఏం అడగాలి?

సికింద్రాబాద్ సీటీసీ (కంప్యూటర్ షాపుల సముదాయం) అయినా, మీ ఊరి బస్టాండ్ దగ్గరి షాపు అయినా అడగాల్సినవి ఇవే. ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఎడిషనే వేయమనండి, క్రాక్ చేసిన ప్రో వద్దని ముందే చెప్పండి. యాక్టివేటర్ అని నడిపే వాటి కోసం డిఫెండర్ ఆపేస్తారు, అక్కడి నుంచి వైరస్‌కి తలుపు తెరిచినట్టే. డేటా బ్యాకప్ మీరే తీసుకుని ఇవ్వండి. బ్రౌజర్‌లో మెయిల్, బ్యాంకు అకౌంట్ల నుంచి లాగౌట్ అవ్వండి. తిరిగి తీసుకునేటప్పుడు అక్కడే ఆన్ చేసి సెట్టింగ్స్‌లో యాక్టివేషన్, డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తులు, వైఫై, సౌండ్, కెమెరా చూసుకోండి. ఎస్‌ఎస్‌డీ వేయించి ఉంటే బిల్లు మీద కంపెనీ, సైజు, వారంటీ రాయించుకోండి, పాత హార్డ్ డిస్క్‌ని అడిగి తెచ్చుకోండి. బాగానే ఉంటే యూఎస్‌బీ కేసులో పెట్టి బ్యాకప్‌కి వాడుకోవచ్చు.